చూడగలిగాను, చూడగలిగేవాణ్ణి: ఫార్సీలో ఒక్క ‘మీ’ తెచ్చిన తంటా

ఫార్సీ నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటాక, టెహ్రాన్‌లో ఉండే ఒక స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. ఆయన ఎన్నాళ్ళుగానో చూడు చూడు అని పోరుతున్న సినిమా ఒకటుంది. పనులన్నీ తెముల్చుకుని ఎట్టకేలకు ఒక రాత్రి కూర్చుని చూశాను. పొద్దున్నే ఆ కబురు చెబుదామని ఇలా రాశాను: ‘దీషబ్ మీతూనెస్తమ్ ఫిల్మ్‌రో బెబీనమ్.’ దీషబ్ అంటే నిన్న రాత్రి. ఫిల్మ్‌రో అంటే సినిమాని. బెబీనమ్‌లో చూడటం ఉంది. ఇక మీతూనెస్తమ్ అంటే ‘గలిగాను’ అని నా నమ్మకం.

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. ‘పస్ చెరా నదీదీ?’ మరి ఎందుకు చూడలేదు?

చూశాను మొర్రో అంటుంటే ఎందుకు చూడలేదంటాడేమిటని నా మెసేజ్ నేనే నాలుగుసార్లు చదువుకున్నాను. స్పెల్లింగులో తప్పు లేదు. తప్పంతా ‘మీ’లో ఉంది. ఆ మాట ముందున్న ‘మీ’ని తీసేసి ‘తూనెస్తమ్’ అని ఊరుకుంటే ‘చూడగలిగాను’ అయ్యేది. ‘మీ’ తగిలించేసరికి ‘నిన్న రాత్రి సినిమా చూడగలిగేవాణ్ణే’ అయింది. అంటే వీలుంది, చూడలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే.

ఈ పొరపాటు నాది మాత్రమే కాదు. ఫార్సీని ఇంగ్లీషు పుస్తకాల మీదుగా నేర్చుకునే వాళ్ళలో చాలామంది ఇక్కడ కాలు జారతారు. ఇంగ్లీషులో ‘కుడ్’ అనే ఒక్క మాట అన్ని పనులూ చేసేస్తుంది. చిన్నప్పుడు ఈదగలిగేవాణ్ణి అన్నా కుడ్, డబ్బుంటే కొనగలిగేవాణ్ణి అన్నా కుడ్, రాలేకపోయాను అన్నా కుడ్ నాటే. పుస్తకంలో దాని ఎదురుగా రెండు ఫార్సీ రూపాలు అచ్చేసి, ‘రెండింటికీ అర్థం ఇదే’ అన్నట్టు వదిలేస్తారు. మనం మాత్రం ఆ గుంటలో పడనక్కర్లేదు. తెలుగులో ఈ రెండూ ఎప్పటినుంచో వేరుగానే ఉన్నాయి: చూడగలిగాను, చూడగలిగేవాణ్ణి. ఫార్సీ కూడా దాదాపు ఇదే గీత దగ్గర విడగొడుతుంది. హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగినవాళ్ళకైతే ఇంకో ఆసరా కూడా ఉంది: దేఖ్ సకా, దేఖ్ సక్తా థా. రెండోది వినగానే ‘చూడొచ్చు, కానీ చూడలేదు’ అన్న వాసన తగులుతుంది కదా. అదే వాసన మీతూనెస్తమ్‌లోనూ ఉంది.

ఇప్పుడు క్రియ దగ్గరకొద్దాం. ‘గలుగు’కు ఫార్సీ మాట తవానెస్తన్. ప్రతి ఫార్సీ క్రియకూ రెండు మొదళ్ళుంటాయి: వర్తమానానికొకటి, భూతానికొకటి. దీనికి వర్తమాన మొదలు తవాన్, భూత మొదలు తవానెస్త్. భూత మొదలంటే కొత్త సంగతేమీ కాదు, తెలియకుండానే మనం రోజూ వాడుతున్నాం. ఖరీదు అన్న మాట ‘కొను’ అనే ఫార్సీ క్రియ భూత మొదలు, ఖరీద్. దరఖాస్తులో చివరనున్నది ‘కోరు’కు భూత మొదలు, ఖాస్త్. బందోబస్తులో చివరి ముక్క ‘కట్టు’కు భూత మొదలు, బస్త్. గోల్కొండ ఫర్మానాల నుంచి నిజాం కచేరీల దాకా ఫార్సీ కాగితాల మీద నడిచిన పాలన మనకు వదిలిపెట్టిన మాటలివి. హైదరాబాద్ రాజ్యంలో ఫార్సీ పోయి ఉర్దూ అధికార భాష అయింది 1884 ప్రాంతంలో. భాష వెళ్ళిపోయినా దాని భూత మొదళ్ళు మాత్రం మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ఉండిపోయాయి.

ఆ మొదలుకు ‘నేను’, ‘నువ్వు’ చెప్పే తోకలు అతికిస్తే భూతకాలం తయారు. తవానెస్తమ్, గలిగాను. తవానెస్తీ, గలిగావు. తవానెస్త్, గలిగాడు లేదా గలిగింది. ఫార్సీలో ఆడ మగ తేడా లేదు, అతనైనా ఆమె అయినా ‘ఊ’నే. రాతలో తవానెస్తమ్ అని ఉన్నా టెహ్రాన్ వీధిలో వినపడేది తూనెస్తమ్. ‘ఆన్’ అని ఉన్నచోట ‘ఊన్’ అనడం అక్కడి నాలుకకు అలవాటు. రొట్టె ‘నాన్’ నూన్ అవుతుంది, ఇల్లు ‘ఖానె’ ఖూనె అవుతుంది, సాక్షాత్తూ టెహ్రాన్ ‘తెహ్రూన్’ అవుతుంది. తవాన్‌లో ‘వ’ కూడా జారిపోయి తూన్ మిగులుతుంది. ఈ వ్యాసంలో నేను ఎక్కువగా మాట్లాడే రూపాలే వాడతాను, ఎందుకంటే తప్పులు జరిగేది మాటల్లోనే.

ఇక రెండో క్రియ. తెలుగులో ‘చూడ’ అనే ముక్కకు ‘గలిగాను’ అతికిస్తాం, ‘నేను’ అన్న గుర్తు చివర ఒక్కసారే వస్తుంది. ఫార్సీలో గలగడం ముందొస్తుంది, చూడటం తర్వాత వస్తుంది, ‘నేను’ అన్న గుర్తు రెండింటికీ పడుతుంది. తూనెస్తమ్ బెబీనమ్: రెంటికీ చివర ‘అమ్’. తూనెస్తీమ్ బెబీనీమ్, మేం చూడగలిగాం: రెంటికీ ‘ఈమ్’. బెబీనమ్ అనేది ‘నేను చూసేలా’, ‘నేను చూడాలని’ వంటి రూపం. జరిగిందని గానీ జరగలేదని గానీ అది చెప్పదు. మొదట్లో ‘బె’ ఉండటం దాని గుర్తు. ఇది ఎంత గడిచిపోయిన కాలంలోనైనా మారదు. కాలం చెప్పే పనంతా గలగడానిదే. భూతకాలం కదా అని రెండింటినీ భూతంలోకి తోసి ‘తూనెస్తమ్ దీదమ్’ అన్నామో, అది ఫార్సీ కాదు. తెలుగులో ‘చూశాను గలిగాను’ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

అసలు కథ ‘మీ’ది. (తెలుగు ‘మీ’తో దీనికి చుట్టరికం లేదు, కానీ చదువుతున్నప్పుడు మొదటి వారం రోజులు కళ్ళు మోసపోతాయి.) దీని పూర్వరూపం మధ్య ఫార్సీలో ‘హమే’, ‘ఎప్పుడూ’ అని అర్థం. పాత కవిత్వంలో ‘హమీ’ అని నిండుగా కనిపిస్తుంది, తర్వాత తల తెగి ‘మీ’ మిగిలింది. ఆ ‘ఎప్పుడూ’ అన్న వాసన ఇప్పటికీ పోలేదు. భూతకాల క్రియకు ‘మీ’ తగిలిస్తే పని ఒక్కసారి జరిగి ముగిసినట్టు కాకుండా, అలా సాగుతూనో మళ్ళీ మళ్ళీ జరుగుతూనో ఉన్నట్టు అవుతుంది. ఖరీదమ్ అంటే కొన్నాను. మీఖరీదమ్ అంటే కొనేవాణ్ణి, లేదా కొంటున్నాను అప్పుడు.

దీన్ని గలగడానికి తగిలించి చూడండి. తూనెస్తమ్ అంటే ఒక ఘటన. ప్రయత్నించాను, అయింది, అక్కడితో సరి. మీతూనెస్తమ్ అంటే ఒక స్థితి. నా చేతనయ్యేది, నాకు వీలుండేది. ఆ చేతనైన పని నిజంగా చేశానా లేదా అన్న సంగతి ‘మీ’ చెప్పదు. ‘బచ్చె బూదమ్ మీతూనెస్తమ్ అజ్ దెరఖ్త్ బాలా బెరమ్’ అంటే చిన్నప్పుడు చెట్లెక్కగలిగేవాణ్ణి. ఎక్కాను కూడా అని వినేవాడు ఊహించుకుంటాడు, అది చిన్నప్పటి మాట కాబట్టి. అదే ‘దీషబ్’ అని ఒక్క రాత్రికి పరిమితం చేస్తే? ఒక్క రాత్రిలో ‘ఎప్పుడూ గలిగేవాణ్ణి’ అనడంలో అర్థం లేదు. అందుకని వినేవాడి బుర్ర రెండో దారి పడుతుంది: వీలుండింది గానీ చేయలేదు. నా స్నేహితుడి బుర్ర చేసిన పని అదే.

ఇక్కడే నాకు తెలుగు మీద గౌరవం పెరిగింది. ‘కొనేవాణ్ణి’ అన్న మాట ఒకసారి నాలుక మీద ఉంచుకుని చూడండి. ‘రోజూ ఆ కొట్లోనే కొనేవాణ్ణి’ అంటే నిజంగా కొన్నానని. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అంటే కొనలేదని. రూపం ఒక్కటే, ఒకచోట పూర్తిగా నిజం, ఇంకోచోట పూర్తిగా అబద్ధం. మనకెప్పుడూ ఇది వింతగా అనిపించలేదు. ఫార్సీ మీఖరీదమ్ అచ్చంగా ఈ రెండు పనులే చేస్తుంది. ‘హర్ రూజ్ మీఖరీదమ్’, రోజూ కొనేవాణ్ణి. ‘అగె పూల్ దాష్తమ్ మీఖరీదమ్’, డబ్బుంటే కొనేవాణ్ణి. దూరాన ఉన్న రెండు భాషలు, వేరు వేరు కుటుంబాలు, అలవాటుకూ జరగని ముచ్చటకూ ఒకే చొక్కా తొడిగాయి. తొలినాళ్ళ ఫార్సీలో ఈ రెండు పనులకూ క్రియ చివర ‘ఏ’ అనే తోక ఒకటి ఉండేది. అలవాటుకూ అదే, జరగని ఊహకూ అదే. ఆ తోక రాలిపోయాక పని ‘మీ’ మీద పడింది. అంటే ఈ జత కొత్తగా కుదిరింది కాదు.

కాబట్టి నా సలహా సూటిగా: మీతూనెస్తమ్ ఎదురైతే ‘కుడ్’ గుర్తు తెచ్చుకోకండి, ‘గలిగేవాణ్ణి’ గుర్తు తెచ్చుకోండి. నూటికి తొంభైసార్లు అదే సరిపోతుంది. ‘అగె పూల్ దాష్తమ్ మీతూనెస్తమ్ బెఖరమ్’, డబ్బుంటే కొనగలిగేవాణ్ణి. ఇది నిన్నటి సంగతా, ఇప్పటి సంగతా? ఫార్సీలో రెండూ కావచ్చు. తెలుగులోనూ అంతే. సందర్భమే చెప్పాలి. ఇంతకీ ‘ఉంటే’ దగ్గర దాష్తమ్‌కు ‘మీ’ లేదేమని అడుగుతారేమో. ‘ఉండు’, ‘కలిగి ఉండు’ అనే రెండు క్రియలు మామూలుగా భూతకాలంలో ‘మీ’ పెట్టుకోవు. అవి పుట్టుకతోనే స్థితులు, మళ్ళీ స్థితి గుర్తు దేనికని కాబోలు.

ఇదే రూపంతో దెప్పిపొడవడం కూడా నడుస్తుంది. ‘మీతూనెస్తీ యె జంగ్ బెజనీ!’ అంటే ‘ఒక ఫోన్ చేసి ఉండొచ్చుగా!’ (జంగ్ అంటే గంట, ఫోన్ చేయడాన్ని గంట కొట్టడం అంటారు.) ఇందులో నుంచి ‘మీ’ తీసేసి చివర ప్రశ్న గుర్తు పెట్టండి: ‘తూనెస్తీ యె జంగ్ బెజనీ?’ ఇప్పుడది ‘ఫోన్ చేయడం కుదిరిందా?’ అన్న మామూలు ఆరా. ఒక్క అక్షరం తేడాతో ఒకటి నిష్ఠూరం, ఇంకొకటి పలకరింపు. ఎవరి ఇంట్లో భోజనానికి పిలిచి మీరు రాలేదో వాళ్ళ నుంచి వచ్చిన మెసేజ్‌లో ఈ రెండింటిలో ఏది ఉందో చూసుకోవడం మంచిది.

భోజనం మాటొచ్చింది కాబట్టి ఇంకో మెలిక. ‘తూనెస్తమ్ మీయామ్’ అని ఎవరైనా అంటే? ‘గలిగాను, వస్తాను’ అని మాటకు మాట చదివితే బుర్ర తిరుగుతుంది. దీని అర్థం ‘వీలైతే వస్తాను’. ముందు ‘అగె’, అంటే ‘అయితే గియితే’ అన్న మాట, మింగేశారు. ఫార్సీలో రేపు జరగబోయే షరతును కూడా ‘మీ’ లేని భూతకాలంలో పెట్టొచ్చు, అది ముందు పూర్తి కావాలి, తర్వాతే రాక అన్న భావంతో. కాలం రేపటిదే, వేషం నిన్నటిది. దీనికి పక్కనే ‘అగె మీతూనెస్తమ్ మీయూమదమ్’ ఉంది: ‘రాగలిగితే వచ్చేవాణ్ణే’, అంటే రావడం లేదు, లేక రాలేదు. మొదటి జవాబు వస్తే ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పోయాలి, రెండోది వస్తే అక్కర్లేదు.

లేదనడం దగ్గరకొస్తే తెలుగు ఇంకా దగ్గరవుతుంది, కానీ ఒకచోట మోసం కూడా చేస్తుంది. ‘న’ చేరిస్తే నతూనెస్తమ్. ‘మీ’ ఉన్నదానికి ‘న’ చేరితే ‘నెమీ’ అవుతుంది, నెమీతూనెస్తమ్. ‘నతూనెస్తమ్ బియామ్’ అంటే రాలేకపోయాను: అనుకున్నాను, అడ్డం పడింది, అయిపోయింది. ‘నెమీతూనెస్తమ్ బియామ్’ అంటే రాలేకపోయేవాణ్ణి, లేదా వచ్చే పరిస్థితిలో లేను. ఇంతవరకు జత కుదిరింది. కానీ నమ్మడం, నిద్రపట్టడం, ఊపిరి తీయడం లాంటివి ఉన్నాయి చూడండి, వాటి దగ్గర తెలుగు మనసును అనుసరిస్తే తడబడతాం. ‘నా కళ్ళను నేను నమ్మలేకపోయాను’ అని మనం పూర్తయిన పనిలా చెబుతాం. ఫార్సీ మనిషి ఎక్కువగా ‘నెమీతూనెస్తమ్ బావర్ కొనమ్’ అంటాడు. నమ్మలేకపోవడం ఆయనకు ఒక దెబ్బ కాదు, కాసేపు సాగిన స్థితి. ఊపిరాడలేదు అనడానికీ అంతే: ‘నెమీతూనెస్తమ్ నఫస్ బెకెషమ్.’ ఇక్కడ తెలుగులో గలగడం అన్న ఊసే లేదు, ‘ఆడలేదు’ అని ఊపిరి మీదకు తోసేశాం. ఫార్సీలో ఊపిరిని మనిషే లాగాలి, లాగలేకపోతే తనే చెప్పుకోవాలి.

ఇంత చెప్పాక నిజమొకటి ఒప్పుకోవాలి. ‘రాగలిగాను’ అని మన నోట ఎన్నిసార్లు వస్తుంది? రాతలో వస్తుంది, మీటింగుల్లో వస్తుంది. ఇంట్లో అయితే ‘రావడానికి కుదిరింది’, ‘వీలైంది’ అంటాం. రాలేకపోయాను అనే బదులు ‘కుదర్లేదండీ’ అని ఊరుకుంటాం. అందులో ఒక సౌకర్యముంది: తప్పు నాది కాదు, కుదరడమనే దానిది. ఫార్సీలో ఈ కుదరడానికి షోదన్ అనే క్రియ ఉంది, అసలర్థం ‘అవ్వడం’. ‘ఖాస్తమ్ బియామ్, నషోద్’: వద్దామనుకున్నాను, కుదర్లేదు. ఈ ‘నషోద్’ అన్న ఒక్క మాట నేర్చుకుంటే సగం మొహమాటాలు గట్టెక్కుతాయి. నతూనెస్తమ్ అంటే నావల్ల కాలేదు అని ఒప్పుకున్నట్టు, నషోద్ అంటే పరిస్థితి అలా వచ్చింది అన్నట్టు. పుస్తకాల్లో మొదటిదానికి రెండు పేజీలు ఇచ్చి రెండోదాన్ని ఎక్కడో పాదసూచికలో పడేస్తారు. నాకైతే ఆ లెక్క తిరగబడాలనిపిస్తుంది.

షోదన్‌కూ ‘మీ’ పడుతుంది. మీషోద్ అంటే కుదిరేది, వీలుండేది. దీంతో ‘ఎవరైనా సరే’ అన్న అర్థంలో వాక్యాలు కడతారు: ‘పియాదె మీషోద్ రఫ్త్’, నడిచి వెళ్ళడానికి వీలుండేది. ఇక్కడ రఫ్త్ చూసి ‘వెళ్ళాడు’ అనుకుంటాం, ఎందుకంటే విడిగా ఉంటే దాని అర్థం అదే. ఇక్కడ మాత్రం అది ‘వెళ్ళడం’. ఖరీదు అన్నప్పుడు మనం ‘కొన్నాడు’ అనుకోం కదా, కొనడానికి సంబంధించిన నామవాచకంగా వాడతాం. అలాగే. మొదలు ఒక్కటే, కూర్చున్న చోటును బట్టి క్రియ అవుతుంది, పేరవుతుంది. ‘ఎవరు?’ అన్న ప్రశ్నకు ఈ వాక్యంలో జవాబు ఉండదు, ఉండకూడదనే ఇలా కట్టారు.

ఇంకో తలుపు ఉంది, దాన్ని ముందే చూపిస్తే బాగుండేదేమో. ‘నాకు ఈత వచ్చు’ అంటాం గానీ ‘నేను ఈదగలను’ అని మామూలుగా అనం. వచ్చు అంటే నేర్చిన విద్య, గలను అంటే ఆ పూట ఒంట్లో ఉన్న సత్తువ. ఫార్సీలోనూ విద్యకు వేరే మాట: బలద్. ‘షెనా బలదమ్’, నాకు ఈత వచ్చు. గతానికి ‘షెనా బలద్ బూదమ్’, అప్పట్లో నాకు ఈత వచ్చు. ఇక్కడ ఒక తమాషా: తెలుగు ‘వచ్చు’కు సరైన భూతకాలమే లేదు. ‘ఈత వచ్చింది’ అంటే నేర్చుకోవడం పూర్తయిందని, ‘ఈత వచ్చేది’ అంటే ఎక్కడో తేడాగా ఉంటుంది. అందుకే ‘అప్పట్లో’ అని ముందు పెట్టుకుని మాటను అలాగే ఉంచేస్తాం. ఫార్సీ మాత్రం ‘బూదమ్’, అంటే ఉన్నాను, అని తగిలించి పని సులువుగా ముగిస్తుంది. ఈత వచ్చినా చేయి విరిగినవాడు ఆ రోజు ‘బలద్ బూదమ్ వలీ నెమీతూనెస్తమ్’ అంటాడు: వచ్చు గానీ ఈదగలిగే పరిస్థితి లేదు.

విన్నదాన్ని చెప్పే రూపం గురించి రెండు మాటలు. తవానెస్తె అనేది ‘గలిగిన’, ‘గలిగి’ వంటి ముక్క. ‘హనూజ్ నతూనెస్తమ్’లో చివర కాస్త ఒత్తి పలికితే (రాతలో నతవానెస్తె అమ్) ‘ఇంకా, ఇప్పటిదాకా చేయలేకపోయాను’ అవుతుంది. ఈ ముక్కకే ముందు ‘మీ’, చివర ‘అస్త్’ పెడితే, మీతవానెస్తె అస్త్, ఆ సంగతి చెప్పేవాడు కళ్ళారా చూడలేదన్న జాడ తరచు ఉంటుంది. ఎవరో చెప్పారు, లేదా ఆనవాళ్ళను బట్టి తెలిసింది. ‘తాత వెయ్యి బైతులు కంఠతా చెప్పగలిగేవాడట.’ (బైతు అంటే రెండు పాదాల పద్యం.) మన ‘ట’ చేసే పనే ఇది. ఇంగ్లీషు మీదుగా వెళితే ఈ జాడ పూర్తిగా రాలిపోతుంది. ‘ట’ మీదుగా వెళితే చేతికి అందుతుంది.

ఇరాన్ పడమట కెర్మాన్‌షాహ్ దగ్గర బిసొతూన్ కొండ మీద డేరియస్ రాజు చెక్కించిన శాసనం ఉంది, క్రీస్తుపూర్వం 520 ప్రాంతానిది. అందులో పాత ఫార్సీ భాగంలో, రాజ్యం కాజేసిన గౌమాత అనే మాగీ పురోహితుడి గురించి చెబుతూ, అతని చేతిలోంచి రాజ్యం లాక్కోగలిగిన మనిషి ఒక్కడూ లేకపోయాడు అంటాడు, నేను వచ్చేదాకా అన్న ధ్వనితో. మనకు దొరికే పాత ఫార్సీ రాతల్లో గతంలోని సామర్థ్యాన్ని చెప్పిన వాక్యాల్లో ఇదొకటి. అక్కడ తవానెస్తన్ లేదు. ‘దీతమ్ చఖ్రియా’ అని ఉంది: ‘లాక్కున్నది’ అనే ముక్క ముందు, ‘చేయు’ క్రియ తర్వాత. సంస్కృతం తెలిసినవాళ్ళకు చఖ్రియాలో కృ ధాతువు కనిపిస్తుంది. తవానెస్తన్‌కూ సంస్కృతంతో చుట్టరికం ఉంది. బలమైన అని అర్థమున్న వైదిక ‘తవస్’ దాని దాయాది.

పని చెప్పే ముక్క ముందు, గలగడం తర్వాత. ఆ వరస ఈనాటి టెహ్రాన్ వ్యవహారంలో కనపడదు గానీ కాబూల్‌లో కనపడుతుంది. పోలికను చూసి వంశం కట్టకూడదు. డేరియస్ నాటి కట్టడమే అఫ్గానిస్తాన్‌లో బతికి ఉందని నేననడం లేదు. కానీ అక్కడి ఫార్సీ, అంటే దరీలో, ‘దీదా తవానిస్తమ్’ అంటారు. దీదా అంటే ‘చూసి’ లాంటిది, తవానిస్తమ్ అంటే గలిగాను. రెండో క్రియకు ‘నేను’ గుర్తు ఉండదు, ‘బె’ ఉండదు, గలగడం చివరికి వెళ్ళిపోతుంది. వెళ్ళగలిగాను అంటే ‘రఫ్తా తవానిస్తమ్’, వెళ్ళలేకపోయాను అంటే ‘రఫ్తా నతవానిస్తమ్’. మాటల్లో ‘వ’ ఇక్కడా జారిపోతుంది గానీ టెహ్రాన్‌లా ‘ఊ’ కాదు, ‘తానిస్తమ్’ అవుతుంది. తజికిస్తాన్‌లోనూ ఇదే అమరిక, అక్కడ ‘ఆ’ను ‘ఓ’గా పలుకుతారు కాబట్టి ‘దీదా తవోనిస్తమ్’. టెహ్రాన్ పద్ధతి కూడా దరీకి, తజిక్‌కు పరాయిది కాదు, రాతలో రెండూ తిరుగుతుంటాయి.

‘మీ’ లెక్క మాత్రం అక్కడా మారదు, ‘మే’ అని పలుకుతారంతే. దీదా తవానిస్తమ్, చూడగలిగాను. దీదా మేతవానిస్తమ్, చూడగలిగేవాణ్ణి. చూడ పక్కన గలిగాను, దీదా పక్కన తవానిస్తమ్. మాటకు మాట, వరసకు వరస. ఉస్మానియాలో చదువుకోవడానికి వచ్చిన అఫ్గాన్ విద్యార్థులు ఎవరైనా పరిచయముంటే ఈ రెండూ చెప్పించుకుని వినండి. నేను ఆ రోజు మెసేజ్ టెహ్రాన్‌కు కాక కాబూల్‌కు పెట్టి ఉంటే, తెలుగులో అనుకున్నది అనుకున్నట్టే రాసి గట్టెక్కేవాణ్ణి. ‘మే’ ఒక్కటి తగిలించకుండా ఉంటే.